1991 సంస్కరణలు పీవీ ఘనతేనా, ఎవరున్నా జరిగేవేనా?

కరీంనగర్_కుర్రాడు:
పీవీ లేకపోతే 1991లో దేశం దివాలా తీసేదని మా ఆఫీసులో అందరి నమ్మకం. నాకలా అనిపించదు. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, కువైట్ నుంచి మనవాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది. జూన్ 21న పీవీ ప్రమాణం చేసేనాటికి ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతుంది. అంతకుముందే చంద్రశేఖర్ ప్రభుత్వం 20 టన్నుల బంగారం బయటికి పంపింది. అలాంటప్పుడు అప్పిచ్చే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) చెప్పింది చేయక తప్పదు. ఆ కుర్చీలో ఎవరున్నా రూపాయి విలువ తగ్గించేవారే.

పాత_లెడ్జర్:
బాబూ, రూపాయి వరకు నువ్వన్నది నిజమే. జులై 1న, 3న రెండు విడతల్లో దాదాపు 18 శాతం తగ్గించారు. రెండో విడత ఆపాలని పీవీ అనుకున్నారు కూడా, కానీ ఆ మాట రిజర్వ్ బ్యాంకుకు చేరేసరికే పని అయిపోయింది.

జులై 24 సంగతి వేరు. మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివిన రోజే, అంతకు కొన్ని గంటల ముందు, కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకొచ్చింది. 18 పరిశ్రమలు తప్ప మిగతా వేటినీ పెట్టడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదన్నారు. పరిశ్రమల శాఖ అప్పుడు పీవీ దగ్గరే ఉంది. అత్యవసరంగా డాలర్లు కావాలంటే బంగారం తాకట్టు పెట్టొచ్చు, ఆ జులైలో 47 టన్నులు పెట్టారు. లైసెన్సులు ఎత్తేస్తే మాత్రం మర్నాటికి ఒక్క డాలరూ రాదు. అయినా ఎత్తేశారు.

ఆ ఆలోచనలు కొత్తవేం కావు, రాజీవ్ హయాం నుంచే ఉన్నాయి. రాజీవ్‌కు 400కు పైగా సీట్లున్నాయి, అయినా సగంలో ఆగారు. పీవీకి మెజారిటీయే లేదు. ఎరువుల ధర 40 శాతం పెంచితే సొంత పార్టీ ఎంపీలే గోల చేశారు. దాన్ని 30కి దించి, చిన్న రైతులను మినహాయించి, మిగతాదంతా గట్టెక్కించారు. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గకూడదో తేల్చుకోవడమే నాయకుడి చేతిలో ఉండేది. వానలూ చమురు ధరా ఎవరి చేతిలోనూ లేవు.

నంద్యాల_ఆడపడుచు:
మీరిద్దరూ ఢిల్లీ ఫైళ్ల దగ్గరే ఉన్నారు. 1991 ఆగస్టుకల్లా ధరల పెరుగుదల 16 శాతం దాటింది. మన ఉమ్మడి రాష్ట్రంలో రెండు రూపాయల రేషన్ బియ్యం మూడున్నర అయింది. 1994 డిసెంబరు ఎన్నికల నాటికి విదేశీ మారకం నిండుగా ఉంది, పరిశ్రమలు కోలుకున్నాయి. అయినా ప్రధాని సొంత రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 294లో 26 సీట్లే వచ్చాయి. మళ్లీ రెండు రూపాయలకే బియ్యం ఇస్తాం, మద్యం నిషేధిస్తాం అన్న ఎన్టీఆర్ పార్టీకి 216. దయచేసి ఓటర్లకు ఆర్థికం తెలియదని ఎవరూ అనకండి. నెల జీతం లేని ఇంట్లో కిలోకి రూపాయిన్నర తేడా అంటే ఎంతో వాళ్లకు బాగా తెలుసు.

కరీంనగర్_కుర్రాడు:
అక్కా, నా ప్రశ్న కూడా అదే. లెడ్జర్ గారూ, లైసెన్సులు ఎత్తేసిన ఘనత పీవీకి ఇస్తే, ఎరువుల ధర, రేషన్ బియ్యం ధర పెరిగిన నింద కూడా ఆయన ప్రభుత్వానికే చెందాలి. అక్కడ మాత్రం పరిస్థితులు అంటే కుదరదు.

పాత_లెడ్జర్:
చెందాలి, చెందింది కూడా. 1996లో కాంగ్రెస్ 140 సీట్లకు పడిపోయింది. నా బాధల్లా ఆ తర్వాతి లెక్క మీదే. 34 పరిశ్రమల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి నేరుగా అనుమతి ఇచ్చింది 1991లో. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకుంది 1998లో. అక్కడ ఉద్యోగం దొరికిన పిల్లలు అప్పుడు పదవిలో ఉన్నవాళ్లనే మెచ్చుకున్నారు. వాళ్ల కృషి లేదని నేననను, స్థలం చూపించి కంపెనీలను రప్పించడం చిన్న పనేం కాదు. కానీ ధర పెరిగితే ఆ వారమే తెలుస్తుంది, అనుమతి ఎత్తేస్తే ఏడెనిమిదేళ్లకు గానీ తెలియదు. నింద ఒక ప్రభుత్వానికి, మెప్పు ఇంకో ప్రభుత్వానికి వెళ్లింది అందుకే.