టీవీలో సాక్ష్యం నమ్మి నాన్న షుగర్ మాత్రలు మానేశారు, ఎలా ఒప్పించాలి?

మా నాన్నగారికి 64 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. టీవీలో ఒక పొడి ప్రకటన చూసి మెట్‌ఫార్మిన్ మానేశారు. "నాకు మూడు నెలల్లో పూర్తిగా నయమైంది" అని కళ్లనీళ్లు పెట్టుకున్న రైతు మాట ఆయన మనసులో నాటుకుపోయింది. మనలాంటి మనిషి, అబద్ధమెందుకు చెప్తాడు అంటారు. నిన్న పరగడుపున 260 ఉంది.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరమని చెప్పాను. "నేరమైతే టీవీలో ఎలా వేస్తారు?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

ఇలాంటి ప్రకటన మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేసినవాళ్లుంటే ఏమేం ఆధారాలు ఇచ్చారో చెప్పండి. అంతకంటే ముందు, మీ ఇంట్లో పెద్దవాళ్లను నొప్పించకుండా మళ్లీ డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లారు? చాలా టెన్షన్‌గా ఉంది.