ఊరు వదిలితే ఒంట్లకెళ్లి ఊరు పోతదా?

మునుగోడు మనవడు: మా బాపుకు 71. పుట్టింది మర్రిగూడ దిక్కు. పద్దెనిమిదేండ్లకు కొలువు కోసం హైదరాబాద్ వచ్చి ఈన్నే ఉండిపోయిండు. ఇప్పుడేమో ఊరికి పోత అంటున్నడు. "మిషన్ భగీరథ నల్లా నీళ్లొస్తున్నయి, గాలి మంచిగుంటది, పట్నంల దగ్గు తప్ప ఏమున్నది" అని. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్లే పెదనాయినను పడగొట్టినయి, పంపొద్దంటది అక్క. ముసలితనంల ఒళ్లు ఎట్లుంటదనేది పుట్టి పెరిగిన జాగను బట్టా, ఇప్పుడుండే జాగను బట్టా?

అరుగు మీద కబుర్లు: పంపించండి. మా అమ్మని మియాపూర్‌లో పదకొండో అంతస్తుకి తెచ్చాం. లిఫ్టులో మీట నొక్కడం భయమని కిందకి దిగడమే మానేసింది. ఆరు నెలల్లో మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఊళ్లో రోజూ గుడిదాకా నడిచేది. మా తాత ఊరు దాటకుండా 92 ఏళ్లు బతికాడు.

ఉద్దానం కొబ్బరి: మీ తాత బతికారు, సంతోషం. బతకనోళ్లు ఈ చర్చకి రారు కదండీ. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి. కొబ్బరి, జీడి తోటలు, సముద్రపు గాలి, చూసినోళ్లు స్వర్గమంటారు. మా వీధిలో మాత్రం "బాగున్నావా" తర్వాత మాట "క్రియాటినిన్ ఎంతుంది", అంటే కిడ్నీల పని చెప్పే రక్తపరీక్ష లెక్క. షుగరు, బీపీ లేనోళ్లకీ కిడ్నీలు పోతున్నాయి. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది గానీ, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లని కొందరు, ఎండలో చాకిరీ అని కొందరు. పల్లె గాలి మంచిదన్న మాట మా దగ్గర అనకండి.

పాత ల్యాబు మనిషి: నీళ్లు పరీక్షించే పనిలో చాలా ఏళ్లున్నాను. మునుగోడు గారి ప్రశ్నకి జవాబు వాళ్ల నాన్నగారి నోట్లోనే ఉంది, పళ్లు చూడండి. పంటి పైపూత తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపే. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ నీళ్లే గార మచ్చగా నిలుస్తాయి. ఆ తర్వాత ఎన్ని తాగినా కొత్త మచ్చ రాదు. ఎముక అలా కాదు. తాగినన్నాళ్లూ దాచుకుంటూనే ఉంటుంది. మంచి నీళ్లకి మారితే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది గానీ, బిగుసుకున్న వెన్ను మళ్లీ వంగదు. పద్దెనిమిదేళ్లు తాగినాయనా, డెబ్బయ్యేళ్లు తాగినాయనా ఒకటి కాదు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పర్లేదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి రాశారు, మనకి కొత్తేం కాదు.

ఒక్క మాట. నల్లా నీళ్లు తాగుతూ, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో వండుకునే ఇళ్లు నేను చూశాను. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

అరుగు మీద కబుర్లు: అయితే ఒంటరితనం లెక్కలోకి రాదా? దానికి ల్యాబు లేదనా?

పాత ల్యాబు మనిషి: వస్తుందండీ. పంపొద్దని నేను అన్లేదే! బోరు నీళ్ల సంగతి చూసి పంపమంటున్నాను.

మునుగోడు మనవడు: పొద్దుగాల బాపును నోరు తెరువుమన్న. ముందటి పండ్ల మీద అడ్డంగ గోధుమరంగు గీతలున్నయి. ఇన్నేండ్లు బీడీలతోటి అయినయనుకున్న. పెదనాయినను ఎనకనుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు, మనిషి మొత్తం తిరగాలె. బాపు మెడ మంచిగనే తిరుగుతది. దసరాకు తీస్కపోతున్న. వంటింట్ల ఏ బిందె నీళ్లతోటి పప్పు ఉడకబెడుతున్నరో చూసి వచ్చి చెప్త.