కష్టంలో దేవుణ్ణి "ఎందుకు?" అని అడగడం అవిశ్వాసమా?

బెరయ_పాఠకుడు:
మన సంఘాల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. ఇంట్లో చావో, క్యాన్సరో, ఉద్యోగం ఊడటమో జరిగితే పరామర్శకు వచ్చినవాళ్ల మొదటి మాట "ఏడవకండి, స్తుతించండి". ఆదరణ కూడికలో ఎవరైనా వెక్కితే పక్కవాళ్లు వెంటనే పాట ఎత్తుకుంటారు. కీర్తన 13లో దావీదేమో మొదటి రెండు వచనాల్లోనే "ఇంకెంతకాలం" అని నాలుగుసార్లు నిలదీస్తాడు. తుఫానులో ఉన్న విశ్వాసి మొర పెట్టాలా, స్తుతి మాత్రమే చేయాలా? వాక్యం చూపించండి, ఇంట్లో ఎలా ఆచరించాలో కూడా రాయండి. సొంత సాక్ష్యాలు ఇక్కడ వద్దు.

స్తుతిధ్వని:
వందనాలు. నాది స్తుతి పక్షమే. సణుగుడు చిన్న పాపం కాదు. సంఖ్యాకాండం 14లో సణిగిన తరం 40 ఏళ్లలో అరణ్యంలోనే రాలిపోయింది. యూదా రాజు యెహోషాపాతు యుద్ధానికి పోతూ సైన్యం ముందు గాయకుల్ని నిలబెట్టాడు (2 దిన. 20:21). పౌలు సీలలు చెరసాలలో కాళ్లకు బొండ (కొయ్య) బిగించి ఉన్నా అర్ధరాత్రి కీర్తనలు పాడారు. ఇంకో సంగతి. "ఎందుకు" అని మొదలైన ప్రార్థన వారం తిరిగేసరికి "ఎవరి వల్ల" అవుతుంది. ముందు డాక్టరు, తర్వాత కోడలు, ఆఖరికి పాస్టరు గారు. స్తుతి ఆ దారి మూసేస్తుంది.

రూతు_పరిగె:
బ్రదర్, యెహోషాపాతు అధ్యాయం మొదటి నుంచి చదవండి. పాట 21వ వచనంలో వస్తుంది. 3లో అతను భయపడి ఉపవాసం చాటించాడు. 12లో "మాకు శక్తి చాలదు, ఏం చేయాలో తోచడం లేదు" అని జనమందరి ముందు ఒప్పుకున్నాడు. 13లో ఆడవాళ్లు, పసిపిల్లలు కూడా అక్కడే నిలబడి వింటున్నారు. నిన్న శవం లేచిన ఇంటిని మనం 21 నుంచి మొదలుపెట్టమంటున్నాం.

సణుగుడు సంగతికి సంఖ్యా 11 చాలు. ఒకే అధ్యాయంలో రెండు ఫిర్యాదులున్నాయి. జనం సణిగితే పాళెం కొనలో అగ్ని రగిలింది. మోషే మాటలు అంతకంటే ఘాటు: ఈ జనాన్నంతా నేనే కన్నానా, ఇలాగైతే నన్ను చంపెయ్ అన్నాడు (11-15 వచనాలు). అతనికి శిక్ష పడలేదు, 70 మంది పెద్దలు సాయం వచ్చారు. మోషే నేరుగా దేవుడితో అన్నాడు. 14వ అధ్యాయంలో జనం వేరే నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు పోదామని తమలో తాము చెప్పుకున్నారు. గుడారాల్లో సణిగారని ద్వితీయోపదేశకాండం 1:27 అంటుంది. మీరు భయపడే "ఎవరి వల్ల" పుట్టేది ఆ గుడారాల్లోనే. ప్రార్థనలో నోరు నొక్కితే ఆ మాటలు వంటింట్లోకి పోతాయి.

గలిలయ_ఒడ్డు:
పడవలో తుఫాను గురించి ఒక చిన్న తేడా గమనించాలి. మార్కు 4లో శిష్యులు "మేం నశించిపోతుంటే నీకు చింత లేదా" అని దాదాపు దెప్పిపొడిచారు. యేసు ముందు గాలిని గద్దించాడు, తర్వాతే విశ్వాసం గురించి అడిగాడు. లూకాలోనూ ఇదే వరస. మత్తయి 8:26లో మాత్రం ముందు "అల్పవిశ్వాసులారా", ఆ తర్వాత గాలి. కాబట్టి మందలింపే లేదని మొర పక్షం అనలేదు. మొర పెట్టినందుకు ఆయన పడవ దిగి పోయాడని స్తుతి పక్షమూ అనలేదు.

స్తుతిధ్వని:
సంఖ్యా 11 వాదన ఒప్పుకుంటాను. ఆదరణ కూడిక సంగతి వేరు. నిరీక్షణ లేని ఇతరుల్లా దుఃఖపడొద్దని 1 థెస్స. 4:13లో ఉంది. అన్యులైన బంధువులు కూడా వచ్చి కూర్చునే చోట మన సాక్ష్యం ఏం కావాలి?

రూతు_పరిగె:
అక్కడ వద్దన్నది నిరీక్షణ లేని దుఃఖం. స్తెఫనును సమాధి చేసిన భక్తిపరులు అతని గురించి బహుగా ప్రలాపించారు (అపొ. 8:2). హతసాక్షి, ఆకాశం తెరవబడటం చూసినవాడు, అయినా ఏడ్చారు.

కాపరి_కర్ర:
ఆచరణ అడిగారు కాబట్టి రాస్తున్నాను. కీర్తన 13కి ఆరు వచనాలే: 1-2 ఫిర్యాదు, 3-4 విన్నపం, 5-6 నమ్మిక. కుటుంబ ప్రార్థన 15 నిమిషాలు దాటనివ్వకండి, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లకు అంతకంటే ఓపిక ఉండదు. ఒకరు 1-2 పైకి చదివి ఆగాలి. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో వాక్యం, "ప్రభువా" అని మొదలుపెట్టి చెప్పాలి. ఆ పిలుపు వదలొద్దు. "ప్రభువా" అని మొదలుపెట్టి వదినను తిట్టడం కష్టం (అసాధ్యమేం కాదు, అలాంటి ప్రార్థనలూ మనకు తెలుసు). 3-4 దగ్గర "ఆదుకో తండ్రీ" అని వదిలేయకుండా గురువారం స్కానింగు, ఆపరేషనుకు తక్కువైన డబ్బు, రాత్రి నిద్ర అని పేరుపెట్టి అడగాలి. 5-6 నోట రానివాళ్లతో పలికించొద్దు, మిగతావాళ్లు చదివితే చాలు. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొస్తే యేసు "వారి విశ్వాసము" చూశాడు (మార్కు 2:5).

ఇది రెండు చోట్ల చెడుతుంది. మొదటి రోజే 5-6కి దూకితే, ఆ మాటలు ఇంకా మనసులోంచి రాని మనిషి మెల్లగా ప్రార్థనకు రావడమే మానేస్తాడు. నెలల తరబడి 1-2 దగ్గరే తిరిగితే అది గాయాన్ని గోకడం అవుతుంది. కీర్తన 88 చీకటి దగ్గరే ముగుస్తుంది, నమ్మిక పలికే ముగింపు దానికి లేదు; అయినా "నా రక్షణకర్తవగు దేవా" అనే పిలుపుతోనే మొదలవుతుంది. వారానికొకసారి చదవండి, రోజూ అదొక్కటే వద్దు.

పరామర్శకు వెళ్లేవాళ్లు పది నిమిషాల్లో లేవాలి. రోమా 8:28 (అన్నీ సమకూడి మేలుకే జరుగుతాయనే వచనం) మొదటి వారం సంచిలోనే ఉంచండి. "ఏ పాపం వల్లో" అన్న మాట ఎప్పుడూ వద్దు, యోహాను 9:3 దానికి జవాబు: ఆ గుడ్డివాడు గానీ, అతని తల్లిదండ్రులు గానీ చేసిన పాపం వల్ల కాదని యేసు అన్నాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదే. చివర్లో సరిగ్గా మాట్లాడాడని దేవుడు మెచ్చింది నిలదీసిన యోబును (42:7). క్యారియర్‌లో అన్నం, కూర పట్టుకెళ్తే ఇంకా మేలు.

బెరయ_పాఠకుడు:
శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధనలో నాలుగో మాట "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి". అది కీర్తన 22 మొదటి వచనం. ఏడాదికోసారి దాని మీద అరగంట ప్రసంగం వింటాం, సోమవారం అదే మాట ఒక విధవరాలు అంటే పెద్దలు కంగారుపడతారు. ఇంకో ప్రశ్న: మొర పెట్టే స్థితి కూడా దాటి, "చావు వస్తే బాగుండు" అనేవాళ్లకు ఏ కీర్తన ఇవ్వాలి?

కాపరి_కర్ర:
ముందు కీర్తన ఇవ్వొద్దు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త ఆ మాటే అన్నాడు. దూత రెండుసార్లు లేపి తిండి, నీళ్లు పెట్టాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. ఆ తర్వాతే మాటలు. దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే ఏలీయా ఒకే జవాబు రెండుసార్లు చెప్పాడు (10, 14). ఆయన విసుక్కోలేదు, పని అప్పగించి ఎలీషాను తోడిచ్చాడు. అలాంటి మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి వాళ్ల పక్కన కూర్చునే ఫోన్ చేయించండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

స్తుతిధ్వని:
ఇందులో నాకు అభ్యంతరం లేదు. కానీ ఇలాంటప్పుడు ఇంటిల్లిపాదీ మూడు రోజుల ఉపవాసం ఉండాలనేది మాత్రం వదులుకోను.

రూతు_పరిగె:
ఇంటిల్లిపాదీ అనకండి, బ్రదర్. అపొ. 27లో తుఫాను పద్నాలుగో రోజున ఓడలో ఉన్న 276 మందినీ తినమని బతిమాలింది పౌలే. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మందులు వాడేవాళ్లు మందు వేసుకుని తిండి మానేస్తే షుగరు 70 కిందికి పడిపోవచ్చు: చెమట, వణుకు, తికమక మాటలు. దాన్ని ఆత్మావేశం అనుకుని చుట్టూ చేరి ప్రార్థన పెంచకండి. మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టరును అడిగి మోతాదు మార్చుకోనిదే వాళ్లు ఒక్క పూట కూడా మానకూడదు. ఆ పూట ఫోనో, సీరియలో మానమనండి.