కారుల రీసెట్ బటన్ ఒత్తితే అసలు ఏమైతది? లైటు పోయింది, మూడో రోజు టైరు దిగింది

అన్నలూ జర ఎవలన్నా చెప్పుండ్రి. మాది నల్గొండ, మూడు నెలల కింద సెకండ్ హ్యాండ్ కారు తీస్కున్న. స్టీరింగ్ కింద కుడి మోకాలు దగ్గర చిన్న బటన్ ఉన్నది, దాని మీద గుర్రం నాడ లెక్క బొమ్మ, నడుమ ఆశ్చర్యార్థకం గుర్తు, కింద సెట్ అని రాసి ఉంటది. పోయిన వారం హైదరాబాద్ నుంచి వస్తుంటే చిట్యాల దాటినంక మీటర్ల గదే బొమ్మ పసుపు రంగుల వెలిగింది. పక్కకు ఆపి చూస్తే నాలుగు టైర్లు కంటికి మంచిగనే ఉన్నయ్. బండి అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఏం కాదు తమ్మీ ఆ బటన్ ఒత్తి పట్టుకో పోతది అన్నడు, ఒత్తిన, లైటు రెండు మూడు సార్లు కొట్టుకొని పోయింది, నేను బాగైందనే అనుకున్న. మూడో రోజు అమ్మను బాపును ఎక్కించుకొని దేవరకొండ పోతుంటే ఎనక భాగం ఊగుడు మొదలైంది, అప్పుడు వచ్చింది మల్ల లైటు. దిగి చూస్తే ఎనక ఎడమ టైరు దాదాపు రిమ్ము మీద ఉన్నది. అమ్మ భయపడ్డది, నాకు ఇంకా గుండె దడ పోలే. ఆ బటన్ ఒత్తుడుతోని నేను ఏం చేసినట్టు?

పాలమూరు నుంచి జవాబు

తమ్మీ ముందుగాల అందరు క్షేమంగ ఉన్నరు అది చాలు. ఆ బొమ్మ టైరుల గాలి తగ్గిందని చెప్పే లైటు. నీ బండిల టైర్ల లోపల సెన్సార్లు లెవ్వు. సెట్ బటన్ ఉన్న బండ్లు ఎక్కువ శాతం ఏబీఎస్ కోసం, అంటే గట్టిగ బ్రేకు ఒత్తితే చక్రాలు పట్టేయకుండ చూసేదాని కోసం, చక్రాల దగ్గర పెట్టిన స్పీడ్ సెన్సార్లతోనే గాలిని అంచనా కడ్తయ్. ఎట్లంటే గాలి తగ్గిన టైరు జర అణుగుతది, అణిగితే దాని చుట్టుకొలత తగ్గినట్టు, అంటే అదే దూరానికి మిగిలిన మూడిటి కన్న ఎక్కువ సార్లు తిరగాలె. చిన్న కారు టైరు కిలోమీటరుకు సుమారు 530, 540 సార్లు తిరుగుతది, అండ్ల వచ్చే కొద్ది తేడాను కంప్యూటర్ పట్టుకొని లైటు ఏస్తది. అంటే ఆ కంప్యూటర్‌కు టైరుల గాలి 33 పాయింట్లు (పీఎస్ఐ) అన్న అంకె తెల్వదు, తేడా ఒక్కటే తెలుసు.

ఇగ రీసెట్ అంటే ఏంది, ఇప్పుడు టైర్లల ఎంత గాలి ఉంటే అదే కరెక్టు, ఇక్కడి నుంచి లెక్క పెట్టుకో అని బండికి చెప్పుడు. గాలి కొట్టదు, పంచర్ ఎయ్యదు. నువ్వు ఒత్తిననాడు ఆ టైరుల 26 ఉన్నదనుకో, బండి 26నే మంచిది అని నేర్చుకున్నది. మామూలుగ ఐదో వంతో నాలుగో వంతో తగ్గినంకనే లైటు వస్తది, అంటే 33 కాడ మొదలువెడితే 25, 26 దగ్గర చెప్పాల్సింది, 26 కాడ మొదలువెడితే 20 దాక చెప్పది. అందుకే నీకు అంత లేటుగ వచ్చింది. ఇంకోటి, రీసెట్ చేసినంక కొంత దూరం నడిస్తేనే అది పూర్తిగ నేర్చుకుంటది, అంతలోపల ఏమైనా అయితే దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మిర్యాలగూడ నుంచి, పంచర్ షాపు

నేను 18 ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. మీ లెక్కనే లైటు ఒత్తి పోగొట్టి వచ్చినోళ్లను వారానికి ఒక్కరినన్నా చూస్త, టైరు పక్క గోడ నలిగి పోయుంటది, పంచర్‌తో పోయేది కొత్త టైరు కొనే కాడికి వస్తది. ట్యూబ్‌లెస్ టైరుల మొల దిగితే వెంటనే దిగది, అది అండ్లనే ఇరికి ఉండి రోజుకు రెండు మూడు పాయింట్లు మెల్లగ పోతది, అందుకే మీకు కంటికి కనిపియ్యలే. 25 ఉన్నా 33 ఉన్నా ఇప్పటి టైర్లు చూస్తే ఒక్కతీర్గనే ఉంటయ్ అన్నా, గేజ్ పెట్టాల్సిందే.

డ్రైవర్ డోర్ తీస్తే పక్క కంబానికి స్టిక్కర్ ఉంటది, ముంగట ఎంత ఎనక ఎంత, నిండ మంది ఎక్కితే ఎంత అని రాసుంటది. పొద్దుగాల బండి కదలక ముందు నాలుగిట్ల అది కొట్టిచ్చి అప్పుడు ఒత్తుండ్రి బటన్. ఎండకాలం నార్కట్‌పల్లి దాక హైవే మీద వచ్చిన టైరుల మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తది, ఎక్కువుందని తీసేపియ్యకుండ్రి, సల్లారినంక తక్కువైతది.

సూర్యాపేట నుంచి

నా బండిల బటనే లేదన్నా, స్క్రీన్ మీద ఒక్కొక్క టైరుకు అంకె వస్తది. జనవరిల పొద్దుగాల లైటు వచ్చి మధ్యాహ్నం దానంతట అదే పోయేది, పాడైందా?

పాలమూరు నుంచి మళ్లీ

పాడు కాలే. నీది ఒక్కొక్క చక్రం లోపల వాల్వ్ కాడ సెన్సార్ ఉండే రకం. వేడి ఐదారు డిగ్రీలు తగ్గితే ఒక పాయింట్ తగ్గుతది, సలికి గాలి లైటు వచ్చే హద్దు కిందికి పోయింది, ఎండ పడంగనే పైకి వచ్చింది, సల్లగ ఉన్నప్పుడు రెండు పాయింట్లు కొట్టియ్యి. అదే లైటు బండి స్టార్ట్ చేయంగనే నిమిషం దాక కొట్టుకొని తర్వాత అట్లనే నిలిచిపోతే మాత్రం సెన్సార్‌దే తక్లీఫ్, లోపలి బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. టైరు విప్పేటప్పుడు ఆడ సెన్సార్ ఉన్నదని షాపాయనకు ముందే చెప్పు, పానా తగిలితే విరుగుతది.

ప్రశ్న అడిగిన తమ్మికి ఇంకో మాట. నీది సెకండ్ హ్యాండ్ కదా, సర్వీస్ గుర్తు చేసే పానా బొమ్మ కూడ ఇదే తీరు, అది కిలోమీటర్లు, దినాలు లెక్కవెడ్తది, రీసెట్ కొడితే మల్ల మొదటి నుంచి లెక్కవెడ్తది, ఆయిల్ మార్చిండ్రా లేదా దానికి తెల్వదు. ఒకపారి ఆయిల్ పుల్ల తీసి చూసుకో. ఇంజన్ లైటును కూడ గిట్లనే పోగొట్టిండ్రేమో అని అనుమానం ఉంటే షెడ్డుల స్కానర్ పెట్టిచ్చు, బండి రాసుకున్న తప్పుల కోడ్లు అది చదువుతది, ఆ కోడ్లు చెరిపేసినంక ఎన్ని కిలోమీటర్లు నడిచింది అనేది కూడ చాలా బండ్లల అండ్ల వస్తది.

ప్రశ్న అడిగినాయన

అన్నా మీరు చెప్పినట్టే చేసిన. టైరు విప్పితే రెండు అంగుళాల మొల, పక్క గోడ లోపల నలిగి నల్లటి పొడి రాలింది, కొత్తదే ఏసిన. ఇయ్యాల పొద్దుగాల స్టిక్కర్ చూసి నాలుగిట్ల గాలి కొట్టిచ్చి అప్పుడు సెట్ ఒత్తిన. ఆయిల్ పుల్ల కూడ తీసిన, నల్లగ చిక్కగ ఉన్నది, మీటర్ల మాత్రం సర్వీస్‌కు ఇంకా ఏడు వేల కిలోమీటర్లు ఉన్నదని చూపిస్తున్నది. రేపే షెడ్డుకు పట్టుకపోత, స్కానర్ సంగతి అడిగి వచ్చి ఇక్కడనే రాస్త.