సముద్రపు బురదలోని బ్యాక్టీరియా సారాన్ని ‘ప్రోటియాజోమ్ నిరోధకం’ అని ఎప్పుడు అనవచ్చు?

లావణ్య, తాంబరం:
నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చెన్నై దగ్గరి కోవళం తీరంలో తీసిన బురద నుంచి ఒక ఆక్టినోమైసిటిస్ (పోగుల్లా పెరిగే రకం) బ్యాక్టీరియాను వేరుచేశాను. సముద్రపు నీటితో చేసిన అగార్ మీద దాని కాలనీలు మొదట నారింజ రంగులో ఉండి, వారాలు గడిచేకొద్దీ నల్లబడుతున్నాయి. మామూలు నీటితో చేసిన అగార్ మీద అసలు పెరగడం లేదు. ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకంతో తీసిన సారాన్ని ప్రయోగశాలలో పెంచే హీలా క్యాన్సర్ కణాలపై పరీక్షిస్తే చాలా కణాలు చనిపోయాయి. సముద్రపు బ్యాక్టీరియా నుంచే వచ్చిన సాలినోస్పోరమైడ్ అనే అణువు గురించి చదివాక, డిసర్టేషన్ శీర్షికలో ‘ప్రోటియాజోమ్ నిరోధకం’ (కణంలో పనికిరాని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్ అనే ఎంజైమును ఆపేది) అని రాయాలనిపిస్తోంది. మా గైడు గారు తొందరపడవద్దంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

శ్రీనివాస్, తరమణి:
లావణ్యా, మీ గైడు గారి మాటే సరైనది. కణాలు చనిపోవడానికి వంద కారణాలుంటాయి. కణపు పొరను చీల్చే సబ్బులాంటి పదార్థమున్నా అవి చనిపోతాయి. సాలినోస్పోరమైడ్‌కు ‘నిరోధకం’ అన్న పేరు నిలిచింది అది ఏ ఎంజైమును, ఎక్కడ, ఎలా పట్టుకుంటుందో తేలినందువల్ల. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఫెనికల్, జెన్సెన్ బృందం బహామాస్ సముద్రపు అడుగు మట్టిలో దొరికిన సాలినిస్పోరా ట్రోపికా అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఈ అణువును 2003లో ప్రకటించింది. అందులోని బీటా లాక్టోన్ వలయం ప్రోటియాజోమ్‌లోని థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లంతో బంధం కట్టగానే క్లోరిన్ పరమాణువు ఊడిపోయి కొత్త వలయం ఏర్పడుతుంది, కాబట్టి నీరు ఆ బంధాన్ని విడదీయలేదు. ఆ క్లోరిన్ సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ నుంచే రావడం నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది.

మీరు చేయవలసింది ఇది. శుద్ధిచేసిన 20ఎస్ ప్రోటియాజోమ్‌తో (ప్రోటీన్లను తెంచే దాని మధ్య భాగంతో), తెగితే వెలుగునిచ్చే పెప్టైడ్ సబ్‌స్ట్రేట్‌ను (ఎంజైము తెంచే చిన్న ప్రోటీన్ ముక్కను) వాడి పరీక్షించండి. పోలికకు, ప్రోటియాజోమ్‌ను ఆపుతుందని తెలిసిన మందు బోర్టెజోమిబ్ పెట్టండి. మీ సారంలో నారింజ రంగు పదార్థముంటే అదే వెలుగును మింగేసి, ఎంజైము ఆగిపోయినట్టు చూపించవచ్చు. అందుకని ఎంజైము లేకుండా, వెలుగునిచ్చే ఆ రంగు పదార్థాన్ని మాత్రమే మీ సారంతో కలిపి చూడటం మరువకండి. కాలనీ రంగును బట్టి జాతిని నిర్ణయించకుండా బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యు వరుస కూడా చూడండి.

డాక్టర్ పద్మజ, అడయార్:
క్యాన్సర్ రోగులను చూసే వైద్యురాలిగా ఒక మాట చేర్చాలనిపించింది. మైలోమా అనే రక్త క్యాన్సర్ కణాలు యాంటీబాడీ ప్రోటీన్లను విపరీతంగా తయారుచేస్తాయి, వాటిలో చెడిపోయిన వాటిని ప్రోటియాజోమ్ ముక్కలు చేయకపోతే కణం తట్టుకోలేదు. అందుకే 2003లో అనుమతి పొందిన బోర్టెజోమిబ్ ఆ జబ్బులో అంత ఉపయోగపడింది. సముద్రం నుంచి వచ్చిన సాలినోస్పోరమైడ్, అంటే మారిజోమిబ్, మెదడులోకి చేరగలదన్న ఆశతో గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. మూడో దశ ప్రయోగంలో మామూలు చికిత్సకు దాన్ని జోడించినా రోగుల ఆయుష్షు పెరగలేదు, పైగా తూలడం, భ్రమలు కలగడం వంటి దుష్ప్రభావాలు కనిపించాయి. ఎంజైమును గట్టిగా పట్టుకునే ప్రతి అణువూ మందు కాదు. ‘సముద్రపు బ్యాక్టీరియాతో క్యాన్సర్‌కు మందు’ అనే వాక్యం మీ పేజీ నుంచి బయటికి వచ్చి, మా ఓపీలో కూర్చున్న వారి ఫోన్లలోకి చేరుతుంది. దయచేసి శీర్షికను చిన్నగా ఉంచండి.

లావణ్య, తాంబరం:
ఇద్దరికీ ధన్యవాదాలు, సర్, మేడమ్. ‘కోవళం తీరపు ఆక్టినోమైసిటిస్ సారం: కణనాశక గుణం, ప్రోటియాజోమ్‌పై ప్రాథమిక పరీక్ష’ అని మార్చి గైడు గారికి చూపిస్తాను. విదేశీ ప్రయోగశాలకు నమూనా పంపి అణువు నిర్మాణాన్ని తేల్చుకోవచ్చా?

శ్రీనివాస్, తరమణి:
ఆ శీర్షిక బాగుంది. మన తీరపు జీవవనరులు జీవవైవిధ్య చట్టం, 2002 పరిధిలోకి వస్తాయి కనుక, విదేశాలకు పంపే ముందు ఇక్కడే తరమణిలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలను మీ విభాగం ద్వారా తెలుసుకోండి. ఈలోగా ఆ కాలనీని గ్లిసరాల్‌లో, సముద్రపు నీటి మాధ్యమంతోనే, వేర్వేరు ఫ్రీజర్లలో భద్రపరచండి.