తలుపు దగ్గర ఆగిపోతున్నాను

ప్రశ్న: ఆరేళ్ల జైలు శిక్ష ముగించుకుని వచ్చి మూడు నెలలైంది. ఇప్పటికీ గది తలుపు దగ్గరికెళ్లి ఆగిపోతాను, ఎవరో వచ్చి తీస్తారన్నట్టు. గడియ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. లైటు ఆర్పితే నిద్ర పట్టదు. ఏ చొక్కా వేసుకుంటావని అమ్మ అడిగినా టెన్షనే. ఇది తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది. నాకు ఏడాది పట్టింది. లోపల అన్నీ వాళ్లే నిర్ణయిస్తారు కదా, ఎంచుకునే అలవాటే పోతుంది. 1940లోనే డొనాల్డ్ క్లెమర్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని ‘ప్రిజనైజేషన్’ (జైలు పద్ధతులకు అలవాటు పడిపోవడం) అన్నాడు. మీలో లోపం కాదు. నేను రోజూ ఒకే తలుపును పదిసార్లు తీసి వేసేవాణ్ణి. లైటు వేసుకునే పడుకోండి, పర్లేదు.

జవాబు: మా తమ్ముడు వచ్చినప్పుడు మేం ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశాం. రెండు చొక్కాలే చూపించమని అమ్మతో చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్ని కలవండి.

అడిగినవారు: ఇవాళ నేనే తీశాను. చెయ్యి వణికింది.