చెల్లి ఫిట్స్‌కి ఇప్పుడు వేరే పేరు చెబుతున్నారు, ఇలా మారుతుందా?

రాయగడ అక్క:
మా చెల్లి 9వ ఏట మాట్లాడుతూ మాట్లాడుతూనే ఓ పది సెకన్లు అలా చూస్తూ ఉండిపోయేది, పిలిచినా పలికేది కాదు, బళ్ళో ఒడియా మాస్టారు పరధ్యానం అని వెనక బెంచీలో కూర్చోబెట్టారు కూడా. డాక్టరు ఆబ్సెన్స్ ఫిట్స్ అన్నారు. మందులతో తగ్గింది, 12వ ఏట ఆపేశారు. ఇప్పుడు 16. పొద్దున్నే చేతులు ఉలిక్కిపడ్డట్టు విసిరేస్తోంది, టీ గ్లాసు రెండుసార్లు జారిపోతే ఒళ్ళు దగ్గర పెట్టుకోమని మేమే తిట్టాం. పోయిన నెల ప్లస్ టూ పరీక్షకి రాత్రంతా మేలుకుని, తెల్లారి పడిపోయి కొట్టుకుంది. కొత్త డాక్టరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే ఈడొచ్చే వయసులో చేతులు ఇలా ఉలిక్కిపడే ఫిట్స్ జబ్బు, అంటున్నారు. మరి పాతాయన తప్పు చెప్పారా?

పర్లాకిమిడి:
తప్పే అనలేమండీ. చిన్నప్పుడు ఆబ్సెన్స్ వచ్చిన పిల్లల్లో కొందరికి ఈడొచ్చాక ఇలా మారుతుంది. ఆ చేతుల సంగతి డాక్టరుకి చెప్పారా? నాదీ ఇదే జబ్బు, పడిపోయిన సంగతి ఒక్కటే చెప్పాను, చేతుల ఉలికిపాట్లు, అదే జర్క్స్, కూడా ఫిట్సేనని తెలిస్తే కదా! కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు రాశారు, దాంతో జర్క్స్ ఇంకా ఎక్కువయ్యాయి. విశాఖలో మొత్తం చెప్పాక మందు మార్చారు. నిద్ర మాత్రం చెడకూడదు. అర్ధరాత్రి ముహూర్తమైతే అక్షింతలకి కూడా ఉండను, బంధువులు ఏమనుకున్నా సరే.

జైపూర్ బాబాయ్:
మాకు పేరే మారింది. అన్నయ్యకి పాత చీటీల్లో కాంప్లెక్స్ పార్షియల్ ఫిట్స్ అని ఉండేది, ఈమధ్య ఫోకల్, అంటే మెదడులో ఒకచోట మొదలయ్యేవి, అని రాస్తే జబ్బు ముదిరిందని వదినకి ఒకటే టెన్షన్. 2017లో ఆ పేర్లు మార్చారట, అంతే.

బరంపురం నర్సు:
ఆడపిల్ల కాబట్టి ఒకటి అడగండి. వాల్‌ప్రోయేట్ రాశారా? ఈ జబ్బుకి బాగా పనిచేస్తుంది గానీ రేపు గర్భం వస్తే బిడ్డకి ప్రమాదం, వేరే మందు కుదురుతుందేమో ఇప్పుడే మాట్లాడాలి. అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు, ఫిట్స్ విరుచుకుపడతాయి. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) నార్మల్ వచ్చినా జబ్బు లేదని కాదు, పొద్దుటి జర్క్స్ ఫోన్లో వీడియో తీసి చూపించండి. మళ్ళీ పడితే చేతిలో తాళాలు పెట్టకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టండి, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి.

రాయగడ అక్క:
తాళాలు పెట్టాం, సిగ్గుగా ఉంది. చీటీలో వాల్‌ప్రోయేటే ఉంది. సోమవారం వెళ్తున్నాం, వీడియో కూడా తీస్తాను. గ్లాసు సంగతి అమ్మకి చెబితే ఏడ్చేసింది.